జీకో కోచ్‌గా ఫెయిలయ్యాడా? ఒక పాత సెంటర్ హాఫ్ జవాబు

మీ ప్రశ్న ఇది: "బ్రెజిల్ ఫుట్‌బాలర్ జీకోని తెల్ల పీలే అనేవాళ్లు. అంతటి ఆటగాడు కోచ్ అయ్యాక ఊళ్లు పట్టుకు తిరిగాడు. జపాన్, టర్కీ, ఉజ్బెకిస్తాన్, రష్యా, గ్రీస్, ఇరాక్, ఖతార్, చివరికి మన గోవా. అంటే కోచ్‌గా ఫెయిలైనట్టే కదా?"

కాదనే అంటాను. అలాగని మహా కోచ్ అని కూడా అనను. జీకో బలం, బలహీనత రెండూ ఒక్కటే: ఆటగాణ్ని నమ్మి వదిలేయడం. మైదానంలో బుర్ర ఉన్నవాళ్లు ఉన్నప్పుడు ఆ నమ్మకమే గెలిపించింది. వాళ్లు అలిసిపోయి, బెంచీ దగ్గర నుంచి ఎవరో ఒకరు గట్టిగా నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినప్పుడు అదే ముంచింది. ఇంకో సంగతి కూడా ఉంది. అతను చేసిన అన్నిటికన్నా పెద్ద పని కోచ్ కుర్చీలో కూర్చుని చేసింది కాదు. దాని గురించి కాసేపట్లో చెప్తాను.

నా గురించి రెండు ముక్కలు. సికింద్రాబాద్‌లో లీగ్ మ్యాచ్‌లు ఆడాను, సెంటర్ హాఫ్‌ని, అంటే డిఫెన్స్ మధ్యలో కాచేవాణ్ని. మోకాలు పోయాక ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు నేర్పుతున్నాను. జీకోని మొదటిసారి చూసింది 1986లో, దూరదర్శన్‌లో. జూన్ 21, రాత్రి పదకొండున్నర. వరల్డ్ కప్‌లో బ్రెజిల్, ఫ్రాన్స్ క్వార్టర్ ఫైనల్. పక్కింటి వరండాలో చాపలు పరుచుకుని కూర్చున్నాం. స్కోరు 1-1. రెండో సగంలో జీకో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడు. అంతకుముందు ఏడాది బ్రెజిల్‌లో ఒక మ్యాచ్‌లో డిఫెండర్ ఒకడు దూకిన దూకుడుకి అతని మోకాలు నాశనమైంది, మ్యాచ్ మొత్తం ఆడే ఓపిక లేదు. వచ్చీ రాగానే డిఫెన్స్ మధ్యలోంచి బ్రాంకోకి ఒక పాస్ వేశాడు. సూదిలో దారం ఎక్కించినట్టుంది ఆ పాస్. ఫ్రాన్స్ గోల్‌కీపర్ బాట్స్ బ్రాంకోని పడేశాడు. పెనాల్టీ. ఒళ్లు ఇంకా వేడెక్కని జీకోనే వెళ్లి కొట్టాడు. బాట్స్ ఆపేశాడు. తర్వాత పెనాల్టీ షూటౌట్‌లో జీకో మళ్లీ వచ్చి గోల్ వేశాడు, కానీ సోక్రటీస్, జూలియో సీజర్ వేయలేకపోయారు. బ్రెజిల్ ఇంటికెళ్లింది. షూటౌట్‌లో వేసిన గోల్ ఎవరికీ గుర్తులేదు. ఆట మధ్యలో పోయిన పెనాల్టీ మాత్రం ఇప్పటికీ అందరికీ గుర్తుంది.

అసలు పేరు ఆర్థర్ అంటూనెస్ కోయింబ్రా. 1953 మార్చి 3న రియో డి జనీరో శివార్లలోని కింటినోలో పుట్టాడు. అందుకే "కింటినో కోడిపుంజు" అని ముద్దుపేరు. తండ్రి పోర్చుగల్ నుంచి వలస వచ్చినవాడు, అన్నలు కూడా ఫుట్‌బాలర్లే. పిల్లాడిగా బక్కగా ఉంటే ఫ్లమెంగో క్లబ్బు వాళ్లు తిండి, వ్యాయామం అన్నీ దగ్గరుండి చూసి ఒళ్లు చేయించారు. ఆ క్లబ్బుకి 500కు పైగా గోల్స్ చేశాడు. మరకానా స్టేడియంలోనే 330కి పైగా. ఈ రికార్డులన్నీ మీకు తెలిసే ఉంటాయి కాబట్టి సాగదీయను. ఇటలీలో ఉదినేజే అనే చిన్న క్లబ్బుకి వెళ్లబోతే 1983లో అక్కడి ఫెడరేషన్ అడ్డుకుంది. ఉదినే జనం వీధుల్లోకి వచ్చి "జీకో అయినా ఇవ్వండి, లేదా మమ్మల్ని ఆస్ట్రియాలో కలపండి" అని అరిచారు. చివరికి పంపారు. మొదటి సీజన్‌లో 19 గోల్స్ చేశాడు. టాప్ స్కోరర్ ప్లాటినీ కన్నా ఒక్కటే తక్కువ.

కోచ్ జీకో అర్థం కావాలంటే మాత్రం 1982 వరల్డ్ కప్ బ్రెజిల్ టీమ్ దగ్గర ఆగాలి. కోచ్ టెలె సాంటానా. మిడ్‌ఫీల్డ్‌లో జీకో, సోక్రటీస్, ఫల్కావో, సెరెజో. ఎవరు ఎక్కడ నిలబడాలో సుద్దముక్కతో బోర్డు మీద గీసి కట్టిపడేసే టీమ్ కాదది. ఒకడు ముందుకు పోతే ఇంకొకడు అతని చోటు చూసుకునేవాడు. చూడముచ్చటగా ఉండేది. బార్సిలోనాలో సారియా స్టేడియం, జూలై 5, ఇటలీతో మ్యాచ్. బ్రెజిల్ సెమీస్‌కి వెళ్లడానికి డ్రా చాలు. 2-2 అయింది, ఇంకా ఇరవై నిమిషాలు పైనే ఉంది. ఏ కోచ్ అయినా అప్పుడు ఏం చేస్తాడు? ఒక అటాకర్‌ని తీసి డిఫెండర్‌ని దింపుతాడు. బంతి పట్టుకుని కాలం గడుపుతారు. వీళ్లు మాత్రం మూడో గోల్ కోసం పోతూనే ఉన్నారు. ఇటలీ స్ట్రైకర్ పావ్‌లో రోసి వాళ్ల మూడోది కొట్టాడు. 3-2, బ్రెజిల్ ఔట్.

ఆ ఓటమి చూసి బ్రెజిల్‌లో చాలామంది "ఇక ముందు డిఫెన్స్ చూసుకుందాం" అనే దారి పట్టారు. 1994లో అలాగే కప్పు కూడా గెలిచారు. జీకో మాత్రం ఆ దారి పట్టలేదు. ఆటగాణ్ని నమ్మాలి అనేదే టెలె దగ్గర నేర్చుకుని, కోచ్ అయ్యాక కూడా దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. 1982లో ఓడిన పాఠాన్ని అతను వేరేగా చదివాడని నాకనిపిస్తుంది.

ఇక జపాన్. ఆ అనుబంధం 1981 నుంచే ఉంది. ఆ ఏడు డిసెంబర్ 13న టోక్యోలో ఫ్లమెంగో, లివర్‌పూల్‌తో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఆడింది, అంటే దక్షిణ అమెరికా, యూరప్ క్లబ్ ఛాంపియన్ల పోరు. ఫ్లమెంగో 3-0తో గెలిచింది. మూడు గోల్స్‌లో జీకో కొట్టింది ఒక్కటీ లేదు, కానీ మ్యాచ్ మొత్తం అతని కాలి మీదే నడిచింది. బెస్ట్ ప్లేయర్‌గా టొయోటా కారు ఇచ్చారు. పదేళ్ల తర్వాత అదే దేశం నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. అప్పటికి అతను రిటైరై, ప్రెసిడెంట్ కొల్లోర్ ప్రభుత్వంలో క్రీడల బాధ్యత చూసి బయటికొచ్చాడు. వయసు 38.

పిలిచింది సుమిటోమో మెటల్స్. ఉక్కు ఫ్యాక్టరీ టీమ్. కషిమా అనే చిన్న ఊరు, రెండో డివిజన్. మన దగ్గర రైల్వే టీమో, ఉక్కు ఫ్యాక్టరీ టీమో ఎలా ఉంటుందో ఊహించుకోండి. పొద్దున డ్యూటీ, సాయంత్రం ప్రాక్టీస్. అప్పుడే జపాన్‌లో ప్రొఫెషనల్ లీగ్, అదే జే లీగ్, పెట్టబోతున్నారు. కషిమా కూడా చేరతానంటే, పైకప్పు ఉన్న పదిహేను వేల సీట్ల ఫుట్‌బాల్ స్టేడియం కట్టుకు రండి, అప్పుడు చూద్దాం అన్నారు. ఆ ఊరి వల్ల కాదనే ధీమాతో అన్న మాట అది. వాళ్లు నిజంగానే కట్టేశారు. టీమ్ పేరు ఆంట్లర్స్ అని మార్చుకున్నారు, అంటే జింక కొమ్ములు. ఆ ఊరి గుడి జింకలకు ప్రసిద్ధి, ఊరి పేరులోనే జింక ఉంది.

1993 మే 16న కషిమాకు లీగ్‌లో మొదటి మ్యాచ్. ఎదురుగా నగోయా గ్రాంపస్, వాళ్ల స్టార్ ఇంగ్లాండ్ స్ట్రైకర్ లినేకర్. కషిమా 5-0తో గెలిచింది. నలభై ఏళ్ల జీకో మూడు కొట్టాడు. జే లీగ్ చరిత్రలో మొదటి హ్యాట్రిక్ అదే. ఆ ఏడాది మొదటి స్టేజ్‌ని, అంటే సీజన్ మొదటి సగాన్ని, కషిమా గెలిచేసింది. మరీ దేవుణ్ని చేసి చెప్పకూడదు కదా, ఒక మచ్చ కూడా చెప్తాను. రెండు సగాల విజేతల మధ్య జరిగిన ఛాంపియన్‌షిప్ పోరులో వెర్డీ కవాసాకీకి పెనాల్టీ ఇచ్చారని కోపం వచ్చి, వెళ్లి బంతి మీద ఉమ్మేశాడు. రెండో యెల్లో కార్డు, బయటికి. ఇంత పెద్దమనిషి అలా చేస్తాడా అని జపాన్ నోరెళ్లబెట్టింది.

అయినా ఆ ఊరు అతన్ని వదులుకోలేదు. అంకితభావం, నిజాయితీ, గౌరవం అనే మూడు మాటల్ని "జీకో స్పిరిట్" అని పేరు పెట్టి క్లబ్బు ఇప్పటికీ పాటిస్తుంది. స్టేడియం దగ్గర విగ్రహం పెట్టారు. అసలైన గొప్పతనం విగ్రహంలో లేదు, అతను వెళ్లిపోయాక జరిగినదాంట్లో ఉంది. ఆ క్లబ్బు వరసగా బ్రెజిల్ కోచ్‌లను, ఆటగాళ్లను తెచ్చుకుంది. జార్జిన్యో, లియోనార్డో అక్కడ ఆడారు. 1982లో ఇటలీకి పొరపాటున పాస్ ఇచ్చి రోసి రెండో గోల్‌కి కారణమైన సెరెజో గుర్తున్నాడా? 2000లో కషిమా కోచ్ అతనే. ఆ ఒక్క ఏడాది లీగ్, లీగ్ కప్, ఎంపరర్స్ కప్ మూడూ గెలిపించాడు. తర్వాత ఓస్వాల్డో డి ఒలివేరా 2007, 2008, 2009 వరసగా మూడు లీగ్‌లు గెలిచాడు. రెండో డివిజన్ ఫ్యాక్టరీ టీమ్‌కి ఇదంతా ఎలా వచ్చింది? ఒక మనిషి వచ్చి, ఫుట్‌బాల్‌ని ఉద్యోగంలా కాదు వృత్తిలా ఎలా చూడాలో చూపించి వెళ్లాడు. నేను ముందు చెప్పిన పెద్ద పని ఇదే. కోచ్‌ల రికార్డు పట్టికల్లో దీనికి కాలమ్ ఉండదు.

2002లో జపాన్ జాతీయ జట్టు కోచ్‌గా పిలిచారు. అంతకుముందు ఫ్రాన్స్ వాడు ట్రూసియే ఉండేవాడు. అతనిది హెడ్మాస్టర్ పద్ధతి. వెనక ముగ్గురూ ఒకే గీత మీద నిలబడాలి, ఎవడైనా ఒక అడుగు తప్పితే అరుపులే. జీకో వచ్చి ఆ గీత చెరిపేశాడు. నకాటా, నకమురా, ఒనో, ఇనమోటో నలుగురినీ కలిపి మిడ్‌ఫీల్డ్‌లో పెట్టి "మీరే చూసుకోండి" అన్నట్టు వదిలాడు. 1982ని టోక్యోలో మళ్లీ నాటాడన్నమాట. ఫలితాలు మొదట్లో అటూ ఇటూ ఊగాయి. "ఏ వ్యూహమూ లేదు" అని పత్రికలు ఉతికేశాయి. అందులో కొంత నిజం ఉంది.

ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడాలంటే 2004 ఆసియా కప్‌లో జోర్డాన్‌తో క్వార్టర్ ఫైనల్ చూడండి. చైనాలో చోంగ్‌చింగ్ నగరం. ప్రేక్షకులంతా జపాన్‌కి వ్యతిరేకమే, జాతీయగీతం వస్తుంటే ఈలలు, అరుపులు. 1-1 తర్వాత షూటౌట్. మొదటి కిక్ నకమురాది. అంతటి ఎడమకాలి మొనగాడు కూడా జారి బంతిని పైకి కొట్టేశాడు. రెండో కిక్ అలెక్స్ సాంటోస్‌ది, అతనూ జారాడు, అదీ పోయింది. పెనాల్టీ స్పాట్ దగ్గర గడ్డి లేచిపోయింది, కాలు నిలవట్లేదు. అప్పుడు కెప్టెన్ మియమోటో రిఫరీ దగ్గరికి వెళ్లాడు. గొడవ పడలేదు, చేతులు ఊపలేదు. నేల బాగాలేదు, అవతలి గోల్ దగ్గర కొట్టిద్దాం అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. రిఫరీ ఒప్పుకున్నాడు! షూటౌట్ మధ్యలో గోల్‌పోస్ట్ మార్చడం నేను ఇంకెక్కడా చూడలేదు. అటు వెళ్లాక కూడా జపాన్ ఓటమి అంచునే ఉంది, ఒక్కటి వేస్తే జోర్డాన్ గెలిచేది. గోల్‌కీపర్ కవాగుచి ఒకటి తర్వాత ఒకటి ఆపాడు. ఏడో కిక్ మియమోటోనే వచ్చి వేశాడు. జోర్డాన్ ఏడో కిక్ పోస్ట్‌కి తగిలింది. 4-3.

ఆ ఆలోచన జీకోది కాదు, మియమోటోది. కానీ హెడ్మాస్టర్ ఉన్న క్లాసులో పిల్లాడు లేచి అలా మాట్లాడతాడా? నా ఇరవై ఏళ్ల కోచింగ్‌లో గమనించింది ఏమిటంటే, లైన్ దగ్గర నిలబడి ప్రతి పాస్‌కీ అరిచే కోచ్ ఉన్న టీమ్‌లో, కష్టం వచ్చినప్పుడు పదకొండు మందీ తల తిప్పి కోచ్ వైపే చూస్తారు. జీకో టీమ్ అలా చూడలేదు. సెమీస్‌లో బహ్రెయిన్ మీద పదిమందితో ఆడుతూ 90వ నిమిషంలో సమం చేసి, ఎక్స్‌ట్రా టైమ్‌లో 4-3తో గెలిచారు. బీజింగ్ ఫైనల్‌లో చైనాని 3-1తో ఓడించి కప్పు పట్టుకెళ్లారు.

అదే ఏడాది వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో మన ఇండియా వీళ్ల చేతిలో సైతామాలో 7-0, కోల్‌కతాలో 4-0తో ఓడింది. చూశాను, ఎక్కువ చెప్పను. 2005 జూన్‌లో బ్యాంకాక్‌లో ప్రేక్షకులు లేని స్టేడియంలో ఉత్తర కొరియాని ఓడించి, ఆతిథ్య జర్మనీని పక్కన పెడితే, 2006 వరల్డ్ కప్‌కి అందరికన్నా ముందు అర్హత సాధించిన జట్టు జపానే.

ఇప్పుడు చేదు భాగం. 2006 జూన్ 12, కైజర్స్‌లాటర్న్, ఆస్ట్రేలియాతో మొదటి మ్యాచ్. మధ్యాహ్నం మూడింటికి, మండే ఎండలో. నకమురా వేసిన క్రాస్ నేరుగా గోల్‌లోకి వెళ్లి 26వ నిమిషంలోనే జపాన్ 1-0. అక్కడి నుంచి కాచుకోవడమే పని. అవతల కోచ్ గుస్ హిడింక్. 53వ నిమిషంలో కేహిల్‌ని దింపాడు. 61లో తాటిచెట్టంత కెనెడీని. 75లో అలోయిసిని. బంతి పైకి లేపి జపాన్ పొట్టి డిఫెన్స్ మీద వేయడమే వాళ్ల పథకం, దాచిందేమీ లేదు. జపాన్ వాళ్ల కాళ్లు బరువెక్కడం టీవీలోనే కనిపిస్తోంది. గాయపడిన డిఫెండర్ కోసం ఒక మార్పు తప్ప జీకో కదలలేదు. 79వ నిమిషంలో కదిలాడు. ఫార్వర్డ్ యనగిసావాని తీసి ఒనోని దింపాడు. ఇంకో పాసర్‌ని! బంతి మన దగ్గర ఉంచుకుంటే వాళ్లు కొట్టలేరు కదా అనే లెక్క. సారియా లెక్కే. ముందు పరిగెత్తేవాడు ఒకడు తగ్గడంతో ఆస్ట్రేలియా ఇంకా మీదికి వచ్చింది. 84, కేహిల్. 89, కేహిల్. అదనపు సమయంలో అలోయిసి. ఎనిమిది నిమిషాల్లో 1-0 కాస్తా 1-3.

అక్కడ జీకోని తిట్టేవాళ్లతో నేను వాదించను. ఎందుకంటే అదే తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కింద ఒక టోర్నమెంట్‌లో మే నెలలో మిట్టమధ్యాహ్నం మా అండర్-16 కుర్రాళ్లని ఆడించారు. ఒక గోల్ ముందున్నాం. నా రైట్ బ్యాక్ నడుము మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడుతున్నాడు, ప్రతిసారీ. చూశాను. మంచి కుర్రాడు, చూసుకుంటాడులే అనుకున్నాను. తీస్తే చిన్నబుచ్చుకుంటాడని కూడా అనుకున్నాను. రెండు గోల్సూ వాడి వైపు నుంచే పడ్డాయి. మ్యాచ్ అయ్యాక వాడు వచ్చి "సార్, నీళ్లు అడుగుదామంటే భయమేసింది" అన్నాడు. ఆటగాణ్ని నమ్మడం వేరు, వాడి కాళ్లని నమ్మడం వేరు. నాకు ఆ రోజు తెలిసింది. జీకోకి ఎవరో ఒకరు ఆ మధ్యాహ్నం 70వ నిమిషంలో చెప్పాల్సింది.

తర్వాత క్రొయేషియాతో 0-0. కవాగుచి పెనాల్టీ ఆపాడు, ఇటు ఖాళీ గోల్ ముందు యనగిసావా బంతిని బయటికి తన్నాడు. ఆఖరి మ్యాచ్ సొంత దేశం బ్రెజిల్ మీద. తమడా ముందు గోల్ కొట్టి కాసేపు కల చూపించాడు, తర్వాత 4-1. నకాటా మ్యాచ్ అయ్యాక గ్రౌండ్ మధ్యలో వెల్లకిలా పడుకుండిపోయాడు. కొన్ని రోజులకే ఆటే మానేశాడు, 29 ఏళ్లకి.

ఇంతటితో కథ అయిపోయి ఉంటే మీ ప్రశ్నకి "అవును, ఫెయిలే" అనేవాణ్ని. కానీ ఆ వెంటనే ఫెనర్బాచే వెళ్లాడు, ఇస్తాంబుల్. 2007 ఆ క్లబ్బు నూరో ఏడు. ఆ ఏడు లీగ్ గెలవకపోతే అక్కడ కోచ్ ఊళ్లో తిరగలేడు. గెలిపించాడు. చేతిలో అలెక్స్ డి సౌజా ఉన్నాడు, జీకోలాగే పదో నంబర్, నడుస్తూ ఆడినట్టే ఉంటాడు కానీ పాస్ మాత్రం కంటికి కనపడదు. రాబర్టో కార్లోస్ వచ్చాడు. బుర్ర ఉన్న పెద్దవాళ్ల టీమ్. జీకో పద్ధతికి అతికినట్టు సరిపోయింది.

2007-08 ఛాంపియన్స్ లీగ్‌లో సొంత గడ్డ మీద ఇంటర్ మిలాన్‌ని 1-0తో కొట్టారు. ప్రీక్వార్టర్స్‌లో సెవియ్యా. ఇస్తాంబుల్‌లో 3-2. సెవియ్యాలో రెండో మ్యాచ్ మొదలైన పది నిమిషాల్లోపే రెండు గోల్స్ పడ్డాయి, రెండూ గోల్‌కీపర్ వోల్కన్ చేతుల్లోంచి జారినట్టే. ఇంకో కోచ్ అయితే తల పట్టుకునేవాడు. సెవియ్యా మూడోది కూడా కొట్టింది, దేవీద్ రెండు గోల్స్ తిరిగి కొట్టాడు, రెండు మ్యాచ్‌లూ కలిపి లెక్క 5-5, షూటౌట్. అదే వోల్కన్ మూడు పెనాల్టీలు ఆపాడు. ఛాంపియన్స్ లీగ్‌లో ఆ క్లబ్బుకి అదే మొదటి క్వార్టర్ ఫైనల్. అక్కడ చెల్సీని కూడా ఇస్తాంబుల్‌లో 2-1తో ఓడించారు. ఆ రోజు దేవీద్ ముందు సెల్ఫ్ గోల్ వేసుకున్నాడు, చివర్లో చాలా దూరం నుంచి కొట్టి గెలిపించాడు. లండన్‌లో 2-0తో ఓడి బయటికొచ్చారు. ఆ సీజన్ లీగ్ గలతసరాయ్ ఎగరేసుకుపోయింది, జీకో వెళ్లిపోయాడు. నా లెక్కలో కోచ్‌గా అతని అత్యుత్తమ కాలం ఆ రెండేళ్లు.

ఆ తర్వాతి అయిదారేళ్లు గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ పెద్దగా సరుకు లేదు. ఉజ్బెకిస్తాన్‌లో బున్యోద్కోర్‌తో లీగ్, కప్. 2009లో సీఎస్‌కేఏ మాస్కోతో రష్యన్ కప్, సూపర్ కప్, సెప్టెంబర్‌కల్లా ఇంటికి. ఒలింపియాకోస్‌ని ఛాంపియన్స్ లీగ్ నాకౌట్‌కి చేర్చాడు, అయినా జనవరిలో తీసేశారు. ఇరాక్ జట్టుకి సొంత దేశంలో మ్యాచ్‌లు ఆడే వీలు కూడా లేకుండా పోయిన రోజులవి. తటస్థ వేదికల మీద ఆడుతూనే ఆ జట్టుని వరల్డ్ కప్ క్వాలిఫయర్స్ ఆఖరి దశకు తెచ్చాడు. అక్కడ సైతామాలో ఎదురైంది ఎవరు? జపానే. 1-0తో ఓడారు. కాంట్రాక్టు మాట ఫెడరేషన్ నిలబెట్టుకోలేదని చెప్పి 2012 చివర్లో రాజీనామా చేశాడు. ఒక్కటి గమనించండి: బ్రెజిల్‌లో పెద్ద క్లబ్బు దేనికీ అతను కోచ్‌గా పనిచేయలేదు. ఫ్లమెంగోకి డైరెక్టర్‌గా 2010లో కొన్ని నెలలు ఉన్నాడంతే. ఫ్లమెంగోకి ఎదురుగా ఇంకో టీమ్ బెంచీ మీద జీకో కూర్చోవడం నేనైతే ఊహించలేను.

ఇక గోవా. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మొదలైనప్పుడు ఎఫ్‌సీ గోవా కోచ్ అతనే. మొదటి ఏడు సెమీఫైనల్లో కోల్‌కతా చేతిలో షూటౌట్‌లో పోయింది. 2015లో ముంబైని 7-0తో ఉతికారు, దూదూ, హావోకిప్ చెరో హ్యాట్రిక్. లీగ్ టేబుల్‌లో మొదటి స్థానం. సెమీస్‌లో ఢిల్లీని ఓడించారు, ఆ ఢిల్లీ కోచ్ రాబర్టో కార్లోస్. ఫైనల్ ఫతోర్డాలో, సొంత ప్రేక్షకుల ముందు, డిసెంబర్ 20న చెన్నైయిన్‌తో. 87వ నిమిషంలో జోఫ్రే ఫ్రీ కిక్‌తో గోవా 2-1. స్టేడియం ఊగిపోయింది. ఇంకో మూడు నాలుగు నిమిషాలు కాచుకుంటే చాలు. కాచుకోలేదు. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని, అంతకుముందు పెనాల్టీ ఆపినవాడు, తోపులాటలో బంతిని సొంత గోల్‌లోకే నెట్టేసుకున్నాడు. 2-2. ఊపిరి పీల్చుకునేలోపు మెండోజా. 2-3. నేను ఇంట్లో టీవీ ముందు లేచి నిలబడి ఉన్నాను, మా ఆవిడ "సారియానా?" అంది. ఇన్నేళ్లలో ఆ మాట అన్నిసార్లు విన్నది మరి.

2016లో గోవా అట్టడుగున నిలిచింది. మరుసటి జనవరిలో జీకో వెళ్లిపోయాడు. కానీ కట్టిమని కథ అక్కడితో ఆగలేదు, మన తెలుగువాళ్లకి ఇది తెలియాలి. 2019లో అతను హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చాడు. 2022 మార్చి 20న ఐఎస్ఎల్ ఫైనల్, హైదరాబాద్, కేరళ. వేదిక మళ్లీ అదే ఫతోర్డా. 1-1 తర్వాత షూటౌట్. కట్టిమని మూడు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌కి వచ్చింది. ఆ రాత్రి మా పిల్లల గోల్‌కీపర్ ఒకడు ఫోన్ చేసి ఏడ్చాడు.

బాట్స్, కవాగుచి, వోల్కన్, కట్టిమని. జీకో జీవితం మొత్తం గోల్‌కీపర్ల చేతుల్లోనే నడిచిందని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది.

గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ కావాలనేం లేదు, కాకూడదనీ లేదు. బ్రెజిల్‌కే చెందిన జగాలో ఆటగాడిగా రెండు, కోచ్‌గా ఒకటి వరల్డ్ కప్‌లు గెలిచాడు. మన హైదరాబాద్ రహీమ్ సాబ్ స్కూల్ టీచర్. ఆటగాడిగా ఆయన పేరు ఎవరూ చెప్పుకోరు, కానీ 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన జట్టు ఆయనదే. జీకో ఈ ఇద్దరి మధ్యలో ఎక్కడో ఉంటాడు.

మీరు గెలుపోటములే లెక్కేస్తే అతను ఒక మోస్తరు కోచ్. ఆసియా కప్, టర్కీ లీగ్, ఒక ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్, గట్టిగా చెప్పుకోదగ్గవి అంతే. నేను మాత్రం కషిమాని కూడా అతని ఖాతాలోనే వేస్తాను. 2018లో 65 ఏళ్ల వయసులో అతను అక్కడికే తిరిగి వెళ్లాడు, కోచ్‌గా కాదు, టెక్నికల్ డైరెక్టర్‌గా. ఆ నవంబర్‌లో కషిమా, ఇరాన్ క్లబ్బు పెర్సెపోలిస్‌ని మొదటి మ్యాచ్‌లో 2-0తో కొట్టి, టెహ్రాన్‌లో నిండిన ఆజాదీ స్టేడియంలో 0-0గా కాచుకుని, మొదటిసారి ఆసియా ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. అవును, కాచుకుని. తొంభై నిమిషాలూ.